దోన్యా ఒబ్దూలియా పేరున్న ఎలుక

కొండను తవ్వి ఎలుకను పట్టాడని ఎవరినైనా ఎగతాళి చేస్తాం. మా దొన్ సెనోబియో నలభై ఏళ్ళపాటు అక్షరాలా ఆ పనే చేశారు. ఆ పనికి జీతం తీసుకున్నారు, డాక్టర్ అనిపించుకున్నారు, ఆఖరికి పట్టిన ఎలుకల్లో ఒకదానికి కట్టుకున్న భార్య పేరు పెట్టారు.

అది ఇళ్ళలో తిరిగే ఎలుక కాదు లెండి. తుకో-తుకో. బొద్దుగా, పొట్టి తోకతో, మిరియాల్లాంటి కళ్ళతో, క్యారెట్ రంగు ముందుపళ్ళతో ఉంటుంది. బతుకంతా నేల కింద సొరంగాలు తవ్వుకుంటూ గడిపేస్తుంది. లోపల్నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు తుక్ తుక్ తుక్ అంటుంది. మా బొలీవియా కొండల్లో లోయకో రకం ఉంది. అందులో తోలా పంప అనే పల్లె దగ్గర దొరికినదానికి 1989లో ఆయన ‘ఒబ్దూలియే’, అంటే లాటిన్‌లో ఒబ్దూలియాది, అని పేరు పెట్టి, ఇది కొత్త జాతి అని పత్రికలో అచ్చు వేయించారు.

ఆ సంగతి తెలిశాక దోన్యా ఒబ్దూలియా మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు పొద్దున కాఫీ ముందు పెట్టి, “పోలిక ఎక్కడ కనబడింది? పళ్ళలోనా, నడుములోనా?” అని అడిగారట.

తర్వాత మాత్రం ఆవిడే ఆ పేజీకి పటం కట్టించారు. కొచబంబలో ఆవిడకి గొడ్డుమాంసం, రసం కూరి కాల్చే సాల్తెన్యాల కొట్టుంది. పొద్దున పదయ్యేసరికి జనం గుమ్మం దాటి వీధిలో నిలబడతారు. లోపల రసం కారకుండా కజ్జికాయలాగా అంచు మెలివేయడంలో ఆవిడ చేతికి ఊళ్ళో సాటి లేదు. ఆ కొట్టు గోడమీద, మేరీమాత పటం పక్కనే, ఎలుక బొమ్మ. ఒకసారి మునిసిపాలిటీ నుంచి తనిఖీకి వచ్చినాయన “తిండి కొట్టులో ఎలుక బొమ్మేంటమ్మా?” అంటే, “అది ఎలుక కాదు, నా పేరింటిది. కూర్చోండి” అని రెండు సాల్తెన్యాలు పెట్టి పంపించారు. ఊళ్ళో అందరూ దాన్ని ఎలుక కొట్టనే అంటారు. ఆవిడ ఏమీ అనుకోరు.

నేను యానెత్‌ని. దొన్ సెనోబియో దగ్గర చదువుకుని, ఆయన పనిచేసిన మ్యూజియంలోనే జన్యువుల ల్యాబ్ చూసుకుంటున్నాను. ల్యాబంటే మూడు యంత్రాలు, ఒక ఫ్రిజ్జు, కరెంటు పోతే పరుగెత్తడానికి నేను. ఆయన రిటైరై ఎనిమిదేళ్ళయినా రోజూ వచ్చి, తన పాత గదిలో ఎలుక పుర్రెలు కాలిపర్‌తో కొలుస్తూ కూర్చుంటారు. ఎవరూ పొమ్మనలేదు. అన్నా వినేవారు కాదు.

నాలుగేళ్ళ కిందట మ్యూజియం సొరుగుల్లో ఉన్న తుకో-తుకో చర్మాలన్నిటి డీఎన్ఏ చదవడం మొదలుపెట్టాను. చర్మం నుంచి వడ్లగింజంత ముక్క తీసి చదివితే నాలుగే అక్షరాలు అటూ ఇటూ మారుతూ వరసగా కనిపిస్తాయి. ఒకే జాతివైతే ఆ వరసలు దాదాపు ఒకలాగే ఉంటాయి. జాతి వేరైతే తేడాలు గుట్టగా బయటపడతాయి. నేను చదివింది ఎనిమిది వందల అక్షరాలు. ఒబ్దూలియేకీ, దక్షిణపు కొండల్లో ఉండే మరో జాతికీ మధ్య వచ్చిన తేడాలు నాలుగు.

నాలుగంటే నాలుగే. ఒకే కొండమీది రెండు బొరియల మధ్య కూడా అన్ని తేడాలుంటాయి.

ఆ దక్షిణపుదానికి 1921లోనే ఒక జర్మన్ దొర పేరు పెట్టి వెళ్ళాడు. తన ప్రయాణానికి సాయం చేసిన ఎవరో ప్రభువు పేరది. రెండూ ఒకటేనని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, వెనక పెట్టింది రద్దవుతుంది. మా శాస్త్రంలో ఆ నియమానికి మినహాయింపు దొరకడం కష్టం. భార్యలకైతే అసలు లేదు.

మూడుసార్లు మళ్ళీ చదివాను. మూడుసార్లూ నాలుగే. కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

ఆయన కళ్ళద్దాలు నుదుటిమీదకు తోసి కాగితం చూశారు. చాలాసేపు చూశారు.

“అమ్మాయ్, నువ్వు ల్యాబ్‌లో కూర్చుని సాల్తెన్యా తింటావా?”

“లేదు, డాక్టర్.”

“అబద్ధం. నాకు తెలుసు. ఆ రసం ఏదో పడుంటుంది.”

“రసం పడితే ఆవు కనబడుతుంది, డాక్టర్. ఇంకో తుకో-తుకో కనబడదు.”

“పుర్రె వెడల్పు చూడు. రెండు మిల్లీమీటర్ల తేడా ఉంది. రెండు మిల్లీమీటర్లంటే ఏమనుకుంటున్నావ్?”

“తోలా పంప నేల మెత్తన. బాగా తిని పెరిగుంటాయి.”

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఆయన కాలిపర్ మూసి, పెట్టెలో పెట్టి, కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. నాకు ఎలుక చర్మం ఒలవడం నేర్పిన మనిషి. మొదటిసారి నేను కళ్ళు తిరిగి పడిపోతే, ఎవరికీ చెప్పకుండా నీళ్ళు తెచ్చిచ్చిన మనిషి.

“వాగవతల పట్టిన రెండున్నాయిగా. వాటి సంగతేంటి?” అన్నారు ఇటు తిరక్కుండానే.

తోలా పంప పక్కన ఎండిపోయిన వాగుంది. దాని అవతలి గట్టున ఆయన అప్పట్లో రెండు చిన్నవాటిని పట్టి, ‘ఒబ్దూలియే, పిల్లలు’ అని చీటీ కట్టారు. ఆ చర్మాలు బాగా పాడైపోయాయి. వాటి నుంచి ఒక్క అక్షరం కూడా రాలేదు.

“రాలేదు” అన్నాను.

“మరి సాక్షులందరినీ విచారించకుండా తీర్పెలా చెప్తావ్? వెళ్దాం. కొత్తవి పట్టుకుందాం.” తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చి గొంతు తగ్గించారు. “ఒబ్దూకి మాత్రం చెప్పకు. నేనే చెప్తాను. సమయం చూసుకుని.”

రెండు వారాలు గడిచాయి. సమయం ఆయనకు కనబడలేదు. బయల్దేరడానికి ముందురోజు ఫోన్ చేశారు.

“అమ్మాయ్, కొంప మునిగింది. తనూ వస్తానంటోంది.”

“ఎందుకు?”

“పాతికేళ్ళుగా నా పేరు మోస్తున్నదాన్ని ఒక్కసారైనా చూడొద్దా అంటోంది. దీనికి నేనేం చెప్పను?”

“నిజం చెప్పండి.”

“నీకు పెళ్ళి కాలేదు కాబట్టి అలా అంటున్నావ్” అని ఫోన్ పెట్టేశారు.

తెల్లవారగానే మ్యూజియం పికప్‌లో బయల్దేరాం. నేను నడుపుతున్నాను. మధ్యలో దోన్యా ఒబ్దూలియా, ఒళ్ళో బుట్ట. ఆ పక్క కిటికీకి అతుక్కుపోయి దొన్ సెనోబియో. నాలుగు గంటల దారి. తరాతా ఊరు దాటగానే ఆవిడ బుట్ట తీశారు. ఆయన ఒక సాల్తెన్యా అందుకుని, మూల కొరికి, రసం పీల్చి, “అద్భుతం, ఒబ్దూ” అన్నారు. రెండోది తిని “ఇవాళ మరీ బాగున్నాయి” అన్నారు. ఆవిడ ముడుచుకున్న పెదవులతో రోడ్డువైపు చూస్తూ కూర్చున్నారు.

తోలా పంపలో మేం పోయే పొలం దోన్యా సవీనాది. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల టోపీ, రెండు జడలు, చేతిలో గునపం. దొన్ సెనోబియోను చూడగానే గుర్తుపట్టారు.

“ఎలుకల డాక్టరా! ఇంకా పట్టడం అవలేదా? అప్పుడు నా పెళ్ళి కూడా కాలేదు. ఇప్పుడు మనవలొచ్చారు.”

“మీ ఎలుకలెలా ఉన్నాయి, దోన్యా సవీనా?”

“నావెలా అవుతాయి? నా దుంపలు తినేవి నావా? వాటికి పేర్లు పెట్టింది మీరు, మీరే పెంచుకోండి. అన్నీ పట్టుకుపోండి.”

“ఈవిడే ఒబ్దూలియా. మీ పొలంలో ఎలుకకి ఈవిడ పేరే పెట్టాను.”

దోన్యా సవీనా ఆవిడను పైనుంచి కిందదాకా చూసి, చెయ్యి పట్టుకున్నారు. “అయ్యో తల్లీ, మీరేం పాపం చేశారు?”

మధ్యాహ్నందాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని నవ్వుకుంటూనే ఉన్నారు. దేనికో నాకు చెప్పలేదు.

తవ్వబోతుంటే దోన్యా ఒబ్దూలియా ఆపారు. సీసాలో తెచ్చిన చీచా అనే మొక్కజొన్న కల్లు నేలమీద కాస్త ఒంపి, తానో గుక్క తాగి, “ఒకరి ఇల్లు పగలగొట్టేముందు నేలతల్లిని అడగక్కర్లేదా?” అన్నారు. దొన్ సెనోబియో టోపీ తీసి నిలబడ్డారు. చదువుకున్నవాళ్ళు ఇలాంటివి నమ్మరని బయట చెప్తారు గానీ, చీచా ఒంపకుండా ఆయన గునపం పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

తుకో-తుకోను పట్టడానికి పరుగెత్తక్కర్లేదు. అది మూసుకున్న బొరియ మూతి తెరిచి, లోపల బోను పెట్టి, ఊరుకోవాలి. దానికి గాలీ వెలుతురూ గిట్టవు. తలుపెవరు తీశారని కోపంగా మూయడానికి వస్తుంది. బోను అంచులకు రబ్బరు చుట్టి ఉంటుంది గనక దెబ్బ తగలదు. కోపం మాత్రం తగ్గదు.

అరగంటలో మొదటిది పడింది. దొన్ సెనోబియో తోలు తొడుగు వేసుకుని మెడ వెనక పట్టి పైకెత్తారు. దోన్యా ఒబ్దూలియా వంగి చూశారు. అది నారింజ పళ్ళు బయటపెట్టి బుస్సుమంది.

“ఇదా నేను?”

“బాగుంది కదూ?” అన్నారాయన, నిజంగానే మురిసిపోతూ.

“కళ్ళు చిన్నవి. మీసాలున్నాయి. ఇంత కోపమా నాకు?”

ఆయన గబగబా దాన్ని నావైపు తిప్పారు.

చెవి అంచునుంచి సన్నని ముక్క కత్తిరించి, ఆల్కహాల్ సీసాలో వేసి, దాన్ని వదిలేశాను. అది వెనక్కి కూడా చూడకుండా లోపలికి దూరి, మట్టితో మూతి మూసేసుకుంది. ఆవిడ ఆ మూసుకున్న మట్టివైపు చూస్తూ అడిగారు:

“నా పేరు తీసేశారు కదూ?”

దొన్ సెనోబియో చేతి తొడుగు ఒకటి కింద పడింది. నేను సీసాల మూతలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను.

“నీకెవరు చెప్పారు? అమ్మాయ్, నువ్వా?”

“పాపం, దాన్నెందుకంటావ్. నువ్వే చెప్పావ్. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా సాల్తెన్యాలో చక్కెరెక్కువైందని అనని రోజుందా? మా ఊరు పొతోసీలో ఇలా చెయ్యరు, పొతోసీలో కారంగా చేస్తారని ప్రాణం తీస్తావే! రెండు వారాలనుంచి ఒక్క మాటన్నావా? బాగుంది, అద్భుతం, ఇంకోటి పెట్టు. మొదట నీకేదో జబ్బు చేసిందనుకున్నా. డాక్టర్ దగ్గరికి వెళ్ళావేమోనని నీ చొక్కా జేబులు వెతికా. యానెత్ ఇచ్చిన కాగితం దొరికింది.”

“నీకు అది అర్థమైందా?”

“చెట్టు బొమ్మ వేసి, ఒకే కొమ్మకి నా పేరూ ఇంకెవడిదో పేరూ వేలాడదీసి, నా పేరు మీద పెన్సిల్‌తో గీత కొడితే అర్థం కాదా? గీత కూడా నీదే. నీ చెయ్యి నాకు తెలీదూ?”

మొయ్యె చెట్టు నీడలో కూర్చున్నాం. ఆయన చెప్పుకుంటూ పోయారు: నాలుగు అక్షరాలు, జర్మన్ దొర, ముందు పేరుకే హక్కు. ఆవిడ విన్నారు. మధ్యలో నేను, “పేరు పూర్తిగా పోదు, దోన్యా ఒబ్దూలియా. అసలు పేరు కింద చిన్న అక్షరాల్లో ఎప్పటికీ రాసే ఉంటుంది” అన్నాను ధైర్యం చెప్పినట్టు.

“అంటే ఎవడో ప్రభువు ఇంట్లో వెనక గదిలో అద్దెకున్నట్టన్నమాట.”

“అలాంటిదే” అన్నాను. ఇంకోలా చెప్పడానికి తోచలేదు.

ఆవిడ నవ్వారు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కొంగులాంటి శాలువా అంచుతో ముక్కు తుడుచుకున్నారు.

“నీకు తెలీదు యానె, అప్పట్లో నేను ఈయన్ని ఇంట్లోంచి పంపేశా. ముగ్గురు పిల్లలు. ఈయన నెలకి ఇరవై రోజులు కొండల్లో. పెద్దాడికి టైఫాయిడ్ వస్తే ఈయనకి కబురు అందడానికే తొమ్మిది రోజులు పట్టింది. వచ్చాక, ఎలుకల దగ్గరే ఉండు, తలుపు మూసేశానన్నా. ఏడాదిపాటు వీళ్ళక్క ఇంట్లో ఉన్నాడు. ఒకరోజు తలుపు కింద నుంచి ఆ పత్రిక తోసి వెళ్ళాడు. మొదట ఎలుకకి నా పేరు పెట్టాడని ఒళ్ళు మండింది. మూడు రోజులు తీసి చూళ్ళేదు. తర్వాత చివర చిన్న అక్షరాల్లో ఉన్నది చదివా. ‘నేను నేల కింద తవ్వుతుంటే నేలపైన అన్నీ మోసిన ఒబ్దూలియాకు’ అని ఉంది. శాస్త్రం పత్రికలో! అచ్చులో! అప్పుడే కబురు పెట్టా, కాఫీకి రమ్మని.”

నాలుగో రోజు కాఫీ సంగతి నాకు తెలుసు. ఆ కాఫీకి ముందు ఏడాది ఉందని తెలియదు.

“పాతికేళ్ళు అక్కడున్నాననుకున్నా. లేను. అదే కాస్త…” అని ఆవిడ ఆగిపోయారు.

దొన్ సెనోబియో పడిపోయిన తొడుగు తీసి దుమ్ము దులుపుతూ, దానితోనే మాట్లాడుతున్నట్టుగా అన్నారు: “ఆ చివరి మాట ఏ డీఎన్ఏ కొట్టేస్తుంది, ఒబ్దూ? అది కొలిచి రాసింది కాదు.”

“అది నువ్వు రెండు వారాల కిందటే వచ్చి చెప్పొచ్చుగా!”

“భయమేసింది.”

“కొండల్లో పూమా పులులకి ఎదురెళ్ళిన మనిషివి!”

“పూమా సాల్తెన్యాలు ఆపెయ్యదు కదా.”

ఆవిడ ఆయన భుజంమీద ఒక్కటిచ్చారు. గట్టిగానే. తర్వాత లేచి, “పదండి, ఆ వాగవతలవాటినీ చూద్దాం. అంతదూరం వచ్చి ఒక్కదాన్నే చూసి పోతామా” అన్నారు.

వాగు దాటడానికి దోన్యా సవీనా దారి చూపించారు. అవతల నేల ఎర్రగా, రాళ్ళరాళ్ళుగా ఉంది. మూడు బొరియలు తెరిచాం. ఎండ తగ్గుముఖం పట్టాక ఒకటి పడింది. మొదటిదాంట్లో సగం కూడా లేదు. దొన్ సెనోబియో దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, అరక్షణం చూసి, “పిల్లది. చెవి ముక్క తీసి వదిలెయ్, అమ్మాయ్” అన్నారు.

“ఏదీ, ఇలా ఇవ్వు” అన్నారు దోన్యా ఒబ్దూలియా.

“కరుస్తుంది.”

“పాతికేళ్ళు నా పేరు మోసినవాటి మేనకోడలు. కరిస్తే కరిచింది.” రెండో తొడుగు వేసుకుని, దాన్ని అందుకుని, బొటనవేలితో మెల్లగా పొట్ట తడిమారు. రోజుకి మూడొందల సాల్తెన్యాల్లో దేంట్లో ఎంత కూరుందో వేళ్ళతోనే చెప్పగల మనిషి. మొహం మారింది.

“సెనోబియో, ఇది పిల్లదా?”

“పిల్లదే. పుర్రె చూడు, ఎంతుందో.”

“పుర్రె సంగతి నాకు తెలీదు. దీని కడుపులో ఇద్దరున్నారు.”

“ఏంటీ?”

“ఇదిగో ఒకటి, ఇక్కడ ఇంకోటి. కదుల్తున్నాయి. ముగ్గుర్ని కన్నా, ఆమాత్రం తెలీదా? ఇది పిల్లదైతే నేను కన్యని!”

దోన్యా సవీనా కూడా వచ్చి వేలితో తాకి చూసి, పగలబడి నవ్వుతూ వాళ్ళ కెచువా భాషలో “విక్సయుక్!” అన్నారు. కడుపుతో ఉందని.

నేను తడిమాను. ఉన్నాయి. దొన్ సెనోబియో తొడుగు తీసేసి ఉత్తచేత్తో తడిమారు. ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయన మెదడులో పాతికేళ్ళ కిందటి చీటీ ఏదో చిరుగుతున్న చప్పుడు నాకు వినబడినట్టే అనిపించింది. ఇంత చిన్నగా ఉన్నప్పుడే కడుపుతో ఉందంటే ఇది పిల్ల కాదు. ఇంతకంటే పెరగదు. ఇది పూర్తిగా పెరిగిన, వేరే ఏదో ప్రాణి.

“నేను పిల్లలని రాశాను. చేతిలో పట్టుకుని, కొలిచి, పిల్లలని రాశాను” అన్నారు.

“కడుపు కొలవలేదు. మగాడివి కదా” అన్నారు దోన్యా ఒబ్దూలియా.

ఆ రోజు మరి రెండింటిని పట్టాం. రెండూ అంతే చిన్నవి. చెవి ముక్కలు తీసుకుని, తల్లి కాబోయేదాన్ని దాని బొరియ దగ్గరే జాగ్రత్తగా వదిలాం. ఆయన దాని వెనక మోకాళ్ళమీద వంగి, నేలకి చెవి ఆనించి విన్నారు. “తుక్ తుక్ అని రెండుసార్లే అంటోంది. ఇవతలివి మూడుసార్లంటాయి” అన్నారు. దోన్యా సవీనా, “అది మా ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళందరికీ తెలుసు, డాక్టరా. మీరెప్పుడైనా అడిగారా?” అన్నారు.

అడగలేదు. నేనూ అడగలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఫలితాలొచ్చాయి. వాగివతలిది అనుమానం లేకుండా జర్మన్ దొర చెప్పిన జాతే. వాగవతలిది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. డెబ్బై ఒక్క తేడాలు. మా దగ్గరున్న ఏ తుకో-తుకోతోనూ అది కలవలేదు. ఇరవై అడుగుల ఎండు వాగు మధ్యలో ఉంటే, అటొక జాతి, ఇటొక జాతి. ఎన్నివేల ఏళ్ళనుంచో ఒకదానికొకటి తెలియకుండా తవ్వుకుంటున్నాయి.

దొన్ సెనోబియో గదికి పరుగెత్తాను. ఆయన అంకె చూసి, “ఈసారి రసం ఏమీ పడలేదుగా?” అన్నారు. కళ్ళద్దాలు తుడుచుకోవడానికి తీశారు. ఎంతసేపు తుడిచారో!

పేరు పెట్టే సభ కొట్టు వంటింట్లో జరిగింది. పదిన్నర. బయట జనం, లోపల పిండి.

“దీనికి మళ్ళీ ఒబ్దూలియే అని పెట్టకూడదా?” అన్నారావిడ అంచు మెలివేస్తూ.

“ఒకసారి వాడిన పేరు ఆ కుటుంబంలో మళ్ళీ వాడకూడదు” అన్నాను.

“మా అత్తగారి కుటుంబంలో ఐదుగురు హువానాలున్నారు, ఎవరూ అడ్డం చెప్పలేదు. సరే. అయితే ఈయన పేరు పెట్టు. నేల కింద ఉంటుంది. పిలిస్తే పలకదు. అడక్కుండా తవ్వుతుంది. ఇంకా వెతకాలా?”

నాకూ అదే కోరిక. కానీ ఒక చిక్కుంది. ఎవరైనా ప్రాణికి తన పేరు తానే పెట్టుకోవడం మా వాళ్ళలో నవ్వుబాటు. ఆయన పేరు ఎలుకకి పెట్టాలంటే, వ్యాసం రాసినవాళ్ళలో ఆయన పేరుండకూడదు. ఆ సంగతి చెప్పాను. “పేరే తీసుకోండి, డాక్టర్. మీరు చెయ్యాల్సింది ఎప్పుడో చేశారు. రాయడం నేను రాస్తాను.”

ఆయన బల్ల అంచున కూర్చుని పిండి ముద్దను వేలితో నొక్కుతున్నారు. ఆవిడ చేతిమీద కొట్టేదాకా ఆపలేదు.

“వద్దు అమ్మాయ్. ఒబ్దూలియే తప్పని ఎవరో రాయకూడదు. పెట్టింది నేను, తీసేది కూడా నేనే. పిల్లలని రాసింది నేను, కాదని రాయాల్సింది కూడా నేనే. కింద నా సంతకం ఉండాలి.”



“డెబ్బై మూడేళ్ళొచ్చాక పెద్దవాడయ్యాడు” అన్నారు దోన్యా ఒబ్దూలియా నాతో. ఆ మాట తేలిగ్గానే అన్నారు గానీ, తర్వాతి సాల్తెన్యా అంచు వంకరపోయింది. నేను ఆ చేతుల్లో వంకర అంచు చూడటం అదే మొదటిసారి.

చివరికి పేరు ఆవిడే పెట్టారు. “దోన్యా సవీనా నోట్లోంచి వచ్చిందే పెట్టండి. ఆ మాట వినే కదా ఈ మహానుభావుడి కళ్ళు తెరుచుకున్నది.” అలా అది ‘విక్సయుక్’ అయింది. కడుపుతో ఉన్నది. పత్రికవాళ్ళ తరఫున వ్యాసం సరిచూసిన విదేశీ పండితుడొకాయన, ఈ పేరుకి కారణం వివరంగా రాయమన్నాడు. దొన్ సెనోబియో మొత్తం రాశారు: చిన్నదని తాను పొరబడ్డ సంగతి, పొట్ట తడిమి చెప్పింది ఎవరన్న సంగతి. అందులో ‘నా భార్య’ అని లేదు. ‘శ్రీమతి ఒబ్దూలియా వెయ్యర్దే, నిపుణురాలు’ అని ఉంది. అచ్చయ్యాక ఆవిడ ఆ వాక్యం నాలుగుసార్లు చదివించుకున్నారు.

“నిపుణురాలంటే నువ్వేగా, యానె?”

“కాదు, మీరే.”

“దేంట్లో?”

“అది మాత్రం డాక్టర్ రాయలేదు.”

ఇంకా జరుగుతున్న సంగతి ఒకటుంది. పోయిన నెలనుంచి మంగళవారాల్లో దొన్ సెనోబియో నా ల్యాబ్‌కి వస్తున్నారు. డీఎన్ఏ చదవడం నేర్చుకుంటారట. తెల్లకోటు ఆయనకు పొట్టి. చెయ్యి వణికి, కొలత గొట్టంలోంచి చుక్క పక్కన పడుతుంది. నిన్న ఒకే పూటలో పదకొండు చుక్కలు బల్లపాలు చేశారు.

“ఇలా అయితే సెమిస్టర్ పాసవ్వరు, డాక్టర్” అన్నాను.

“నీకు చర్మం ఒలవడం రాక ఎన్ని ఎలుకలు పాడు చేశావో నా దగ్గర లెక్కుంది. నోరు మూసుకుని ఇంకో గొట్టం ఇవ్వు” అన్నారు.

ఇచ్చాను. పన్నెండోది సీసాలోనే పడింది.